ఏ గంటకి ఎంత కరెంటు? – జాతీయ విద్యుత్ ప్రణాళికను తిరుపతి నుంచి చూస్తే

(తిరుపతిలో జరిగిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభకు నమస్కారం. ఇక్కడ కరెంటు పంచే సంస్థ డిస్కం ఇంజనీర్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు, వెనక వరసల్లో రైతులున్నారు, సత్రాలూ హోటళ్ళూ నడిపేవాళ్ళున్నారు. అందరికీ పనికొచ్చే ఒక లెక్కతో మొదలుపెడతాను. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి.

2031-32 నాటికి దేశంలో కరెంటు వాడకం పతాక స్థాయికి చేరిన క్షణాన ఎంత కావాలి? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అదే సీఈఏ, 2023లో ప్రకటించిన జాతీయ విద్యుత్ ప్రణాళికలో వేసిన అంచనా 3 లక్షల 66 వేల మెగావాట్లు. అదే ఏడాదికి సోలార్ ఎంత ఉండాలన్నారు? 3 లక్షల 64 వేల మెగావాట్లు. దాదాపు సమానం! మరి సోలార్ ఒక్కటీ చాలదా? చాలదు. అదే ప్రణాళికలో గాలిమరలు లక్షా 21 వేలు, బొగ్గు 2 లక్షల 59 వేలు, జలవిద్యుత్తు, అణువిద్యుత్తు... అన్నీ కలిపి 9 లక్షల మెగావాట్లు ఉండాలన్నారు. మూడున్నర లక్షల చిల్లర అవసరానికి తొమ్మిది లక్షలు ఎందుకు?

ఎందుకంటే రాత్రి ఎనిమిది గంటలకి ఆ 3 లక్షల 64 వేల మెగావాట్ల సోలార్ ఇచ్చేది సున్నా. సున్నా అంటే సున్నాయే. దేశంలో ఎన్ని మెగావాట్లు పెట్టాం అని పేపర్లో వచ్చిన ప్రతిసారీ మనం అడగాల్సింది ఒకటే: ఏ గంటకి? ఈ ప్రశ్న ఢిల్లీలో అడగాలి, విజయవాడలో అడగాలి, మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా అడగాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా దీనికి వివరణ.

ముందు ఈ ప్రణాళిక ఎలా తయారవుతుందో చూద్దాం. 2003 విద్యుత్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం సీఈఏ ఐదేళ్ళకోసారి జాతీయ ప్రణాళిక ఇవ్వాలి. రెండు భాగాలు: ఉత్పత్తి ఒకటి, సరఫరా లైన్లు ఒకటి. దీనికి పునాది విద్యుత్ సర్వే, అంటే ముందుముందు ఎంత కరెంటు కావాలో వేసే అంచనా. ఇప్పటి ప్రణాళికకి ఆధారం ఇరవయ్యో సర్వే. ఆ సర్వేకి అంకెలు ఎక్కడినుంచి వెళ్తాయి? డిస్కంల నుంచి. అంటే ఇక్కడ తిరుపతిలో ఉన్న మన డిస్కం ఎస్పీడీసీఎల్ ఆఫీసు లాంటి చోట్ల నుంచే. కింద అంచనా తప్పితే పైన ప్రణాళిక తప్పుతుంది.

తప్పితే ఏమవుతుంది? అయింది కూడా. పద్దెనిమిదో సర్వే 2016-17కి దేశం మొత్తం మీద 1,99,540 మెగావాట్ల గరిష్ఠ డిమాండు వస్తుందంది. వచ్చింది దాదాపు లక్షా 59 వేల 500. నలభై వేల మెగావాట్ల తేడా! ఆ అంచనాల ఊపులో కట్టిన బొగ్గు ప్లాంట్లకి పని లేకుండా పోయింది. వాటి సగటు వినియోగం 60 శాతం దగ్గరికి పడింది. దానివల్ల మనకేంటి నష్టం అంటారా? చాలా ఉంది. విద్యుత్ కొనుగోలు ఒప్పందంలో ధర రెండు ముక్కలుగా ఉంటుంది. స్థిర చార్జీ ఒకటి, ఇంధన చార్జీ ఒకటి. కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ప్లాంటు సిద్ధంగా ఉంటే స్థిర చార్జీ కట్టాల్సిందే. కల్యాణ మండపం మాట్లాడుకుని పెళ్ళి వాయిదా వేసుకున్నా అద్దె కట్టినట్టు. ఆ అద్దె చివరికి మీ బిల్లులోకే వస్తుంది.

అట్లాగని తక్కువ అంచనా వేస్తే కోతలు. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలి? దానికి ఒక కొలత పెట్టుకున్నారు. సరఫరా చాలకపోయే అవకాశం 0.2 శాతం దాటకూడదని. ఏడాదికి 8,760 గంటలు. అందులో 0.2 శాతమంటే పదిహేడున్నర గంటలు. ఏడాది మొత్తంలో పదిహేడున్నర గంటలకి మించి దేశానికి కొరత రాకూడదు. ఆ పదిహేడు గంటలు ఎప్పుడొస్తాయి? ఎండ మాడ్చే మధ్యాహ్నం అనుకుంటాం. 2024 మే 30న దేశం 2 లక్షల 50 వేల మెగావాట్ల రికార్డు వాడకం చూసింది. అది ఎండ ఉన్న వేళ, సోలార్ నిండుగా పనిచేస్తుండగా వచ్చింది. గట్టెక్కాం. ఇకమీదట భయమంతా పొద్దు గూకాక వచ్చే డిమాండు గురించి.

సాయంత్రం ఆరింటికి ఏం జరుగుతుందో గంట గంటకీ చూడండి. సోలార్ నాలుగింటి నుంచి జారుతుంది, ఆరున్నరకల్లా దాదాపు లేదు. అదే సమయానికి లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, షాపులు అన్నీ ఆన్. అంటే ఒక పక్క ఉత్పత్తి పడిపోతోంది, ఇంకో పక్క వాడకం లేస్తోంది. ఆ రెండు మూడు గంటల్లో బొగ్గు యూనిట్లు పరుగెత్తి పైకి రావాలి. బొగ్గు యూనిట్ పరుగెత్తగలదా? కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ ఉంది కదా. అక్కడ 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి. ఇలాంటి యూనిట్లని పగలు సోలార్ కోసం తగ్గించమంటే పూర్తి సామర్థ్యంలో 55 శాతానికి తగ్గించాలన్నది నియమం. 210 మెగావాట్ల యూనిట్ అయితే దాదాపు 115. అంతకంటే దిగితే బాయిలర్‌లో మంట నిలకడగా ఉండదు, ఆయిల్ పోసి నిలబెట్టాలి. రోజూ దింపి రోజూ ఎక్కిస్తే బాయిలర్ ట్యూబులు వేడికి వ్యాకోచించి, చల్లారి ముడుచుకుని, అతుకుల దగ్గర చీలతాయి. ఒక్కో యూనిట్ కరెంటుకి పట్టే బొగ్గూ పెరుగుతుంది. దశలవారీగా 40 శాతానికి దిగేలా ప్లాంట్లని మార్చాలని సీఈఏ 2023లో నిబంధనలు తెచ్చింది. చెయ్యగలరు, ఖర్చవుతుంది. ఆ ఖర్చుని సోలార్ ధర చెప్పేటప్పుడు ఎవరూ కలపరు. కలపాలి.

మరి క్షణాల్లో ఎక్కి దిగగలిగేది ఏది? నీళ్ళు. మీకు 2020 ఏప్రిల్ 5 గుర్తుందా? రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టాం, దేశమంతా. ఆ కాసేపట్లో దాదాపు 31 వేల మెగావాట్ల లోడు పడిపోయి మళ్ళీ లేచింది. దేశం మొత్తాన్ని కలిపే కరెంటు లైన్ల వల, అదే గ్రిడ్, కూలలేదు. ఎందుకు? జలవిద్యుత్ కేంద్రాలని ముందే పూర్తిగా పైకి తెచ్చి పెట్టుకుని, సమయానికి 17 వేల మెగావాట్లకు పైగా దించి, మళ్ళీ ఎక్కించారు. ఆ రాత్రి గ్రిడ్‌ని క్షణక్షణం నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో కూర్చున్నవాళ్ళకి మనమందరం రుణపడి ఉన్నాం. సోలార్, గాలి పెరిగేకొద్దీ అలాంటి నేర్పు రోజూ కావాలి.

నిలవ చేసుకోవడం

ఇప్పుడు నిలవ సంగతి. 2031-32కి ప్రణాళిక 47 వేల మెగావాట్ల బ్యాటరీలు కావాలంది, వాటిలో పట్టే కరెంటు 2 లక్షల 36 వేల మెగావాట్ అవర్లు. భాగించండి. ఐదు గంటలు. నీళ్ళతో నిలవ చేసే పంప్డ్ స్టోరేజి 26 వేల 700 మెగావాట్లు, ఇది ఆరున్నర గంటలు. అంటే ప్రణాళిక రాసినవాళ్ళ మనసులో ఉన్నది సాయంత్రం ఆరు నుంచి పదకొండు, పన్నెండు దాకా గట్టెక్కించడం. బ్యాటరీ గురించి ఎవరైనా మెగావాట్లు మాత్రమే చెప్తే ఎన్ని గంటలు అని అడగండి. రెండు గంటల బ్యాటరీ, ఐదు గంటల బ్యాటరీ ఒకటి కావు, ధరా ఒకటి కాదు.

పంప్డ్ స్టోరేజి అంటే పగలు మిగిలిన కరెంటుతో కింది చెరువు నీళ్ళు పై చెరువుకి తోడి, రాత్రి వదిలి టర్బైను తిప్పడం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది ఇలాంటిదే. ఒక యూనిట్ కరెంటుకి ఎన్ని నీళ్ళు కావాలి? ఎత్తు వంద మీటర్లయితే దాదాపు 4,000 లీటర్లు. అంటే ఒక చిన్న ట్యాంకర్ నీళ్ళు వంద మీటర్లు దూకితే ఒక్క యూనిట్. అందుకే ఎత్తు ముఖ్యం, కొండలు ముఖ్యం. రాయలసీమలో కొండలున్నాయి. నీళ్ళు ఒకసారి నింపుకుని తిప్పి తిప్పి వాడుకోవచ్చు, ఆవిరయ్యేది మాత్రం ఏటా పోసుకోవాలి. వంద యూనిట్లు పెట్టి తోడితే తిరిగొచ్చేది 75 నుంచి 80. బ్యాటరీ అయితే 85 పైన.

అయితే ఒక మాట. ఐదారు గంటల నిలవ ఒక సాయంత్రానికి సరిపోతుంది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం కూర్చుందంటే తిరుపతి మీద మూడు రోజులు సూర్యుడు కనపడడు. అనంతపురం, కడప కొండల మీద గాలిమరలు బాగా తిరిగేది జూన్ నుంచి సెప్టెంబరు. అంటే ఎండ తగ్గే నెలల్లోనే గాలీ తగ్గి ఉంటుంది. ఆ మూడు రోజులకి బ్యాటరీ ఏం చేస్తుంది? మొదటి రాత్రే ఖాళీ. అప్పుడు ఆదుకునేవి రిజర్వాయర్లు, బొగ్గు, ఇంకా దూరం నుంచి తెచ్చే లైన్లు. రాజస్థాన్‌లో ఆ నెలల్లో ఎండ కాస్తుంది. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైను కలిశాకే దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకటైంది. అప్పటిదాకా మనది విడి గ్రిడ్డే. ఆ తర్వాత తమిళనాడు పుగలూరు దాకా 6,000 మెగావాట్ల హెచ్‌వీడీసీ లైను, అంటే చాలా దూరం డీసీ కరెంటు మోసే లైను, వచ్చింది.

లైన్ల దగ్గర వచ్చే చిక్కు త్వరగా చెప్పేస్తాను. సోలార్ ప్లాంటు ఏడాది, ఏడాదిన్నరలో కట్టొచ్చు. 400, 765 కేవీ లైనుకి మూడు నుంచి ఐదేళ్ళు. ప్లాంటుకి అనుమతి ఇచ్చాక లైను మొదలుపెడితే ప్లాంటు ముందు తయారై కూర్చుంటుంది, కరెంటు పారబోస్తుంది. కాబట్టి లైనే ముందు. 2024 అక్టోబరులో వచ్చిన జాతీయ ప్రణాళిక రెండో భాగం 2032 దాకా లక్షా 91 వేల సర్క్యూట్ కిలోమీటర్ల లైన్లు, 9 లక్షల 15 వేల కోట్ల ఖర్చు అంటోంది. రైతులు వినండి: కేంద్రం ఇచ్చిన 2024 జూన్ మార్గదర్శకాల ప్రకారం టవరు పాదాల స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింద నడవాకి 30 శాతం పరిహారం ఇవ్వాలన్నారు. అంతకుముందు 85, 15 ఉండేది. రాష్ట్రం దీన్ని అమలుచేసే తీరు చూసుకుని సంతకాలు పెట్టండి.

మన ఫీడరు, మన ట్రాన్స్‌ఫార్మర్

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే చోటుకి వస్తున్నాను. వ్యవసాయం. మన రాష్ట్రంలో రైతుకి పగటిపూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు. రాత్రిపూట పొలానికి పోయి పాము కాటుకి బలయ్యే బాధ తప్పింది, అది పెద్ద మేలు. దాంతో పాటు ఇంకో మేలుంది: సోలార్ వచ్చే గంటలకి సరిపడే లోడు ఏదన్నా ఉందంటే అది బోరు మోటారే. నిలవ అక్కర్లేని సోలార్ ఇది.

లెక్క వేద్దాం. ఒక 11 కేవీ వ్యవసాయ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాలకి వచ్చే లైను, దాని మీద 300 మోటార్లున్నాయనుకోండి. ఐదు హార్స్‌పవర్ మోటారు పాతదైతే లైను నుంచి దాదాపు 5 కిలోవాట్లు లాగుతుంది. మొత్తం 1,500 కిలోవాట్లు, అంటే ఒకటిన్నర మెగావాట్. తొమ్మిది గంటలకి 13,500 యూనిట్లు. మన ఎండకి ఒక మెగావాట్ సోలార్ రోజుకి సుమారు 4,500 యూనిట్లు ఇస్తుంది. అంటే మూడు మెగావాట్లు పెట్టాలి. స్థలం మెగావాట్‌కి నాలుగైదు ఎకరాల చొప్పున పన్నెండు నుంచి పదిహేను ఎకరాలు. పొలాలకి సోలార్ ఇచ్చే కేంద్ర పథకం పీఎం కుసుమ్‌లో ఫీడరు స్థాయి సోలార్ అంటే ఇదే: 33/11 కేవీ సబ్‌స్టేషన్ పక్కన ప్లాంటు పెట్టి ఆ ఫీడర్లకే ఇవ్వడం. దూరం నుంచి తెచ్చే నష్టం పోతుంది.

కాగితం మీద సరిపోయింది కదా? గంటల వారీగా చూడండి, సరిపోదు. మోటార్లన్నీ ఏడింటికి ఆన్ చేస్తే కావాల్సింది ఒకటిన్నర మెగావాట్, ప్లాంటు ఏడింటికి ఇచ్చేది అందులో చిన్న ముక్క. మధ్యాహ్నం పన్నెండింటికి ప్లాంటు రెండున్నర దాకా ఇస్తుంది, మోటార్లకి కావాల్సింది అదే ఒకటిన్నర. ఒక మెగావాట్ మిగిలి సబ్‌స్టేషన్ గుండా పైకి పోతుంది. అందుకే ఫీడర్లని గుంపులు చేసి, ఒకటి ఏడింటికి, ఒకటి ఎనిమిదికి, అలా అంచెలుగా వదలాలి. అది షెడ్యూలు మార్చే పని, పైసా ఖర్చు లేదు.

ఇంకో సంగతి. ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే మోటారు తనంతట తనే తిరగాలని ప్రతి బోరు మీదా పెట్టుకున్నారు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. మూడు వందల మోటార్లు ఒక్క సెకనులో మొదలైతే? వోల్టేజి కుప్పకూలుతుంది, ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, రైతు మోటారు కాయిలూ పోతుంది. సోలార్ ప్లాంటులో డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టరు ఆ వోల్టేజి చూసి ట్రిప్ అవుతుంది. స్టార్టరులో డిలే టైమరు పెట్టుకోండి. మీది ఒక నిమిషం, పక్కాయనది రెండు నిమిషాలు, అవతలాయనది మూడు. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద రైతులు కూర్చుని మాట్లాడుకుంటే అయిపోతుంది. దాంతో పాటు ఐదు హార్స్‌పవర్‌కి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టుకుంటే లైను మీద భారం తగ్గి తోక చివరి మోటారుకి కూడా వోల్టేజి అందుతుంది.

నీళ్ళ మాట చెప్పకుండా ఈ విషయం వదలలేను. చిత్తూరు పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. వెయ్యి అడుగుల నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవడానికి, పంపు సామర్థ్యం 40 శాతమైతే, దాదాపు రెండు యూనిట్లు. రాతి నేల, పగుళ్ళలో ఉన్నవే నీళ్ళు. సోలార్ కరెంటు ఊరికే వస్తోందని తోడితే పగుళ్ళు ఎండుతాయి, అప్పుడు సోలార్ పలకలుంటాయి, నీళ్ళుండవు. ఫీడరు సోలార్ పెట్టే ప్రతి చోటా డ్రిప్పు, చెరువుల పూడిక, నీటి కొలత కలిపే పెట్టాలి. విద్యుత్ శాఖ వేరు, భూగర్భ జల శాఖ వేరు అని ఫైళ్ళు విడివిడిగా నడిస్తే నష్టపోయేది మామిడి రైతు, టమాటా రైతు.

ఇక ఇంటి కప్పు మీద సోలార్. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ గురించి మీకు తెలుసు. మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ, కప్పు మీద సుమారు 300 చదరపు అడుగులు, నెలకి దగ్గర దగ్గర 360 యూనిట్లు. పలకలు దక్షిణానికి, మన అక్షాంశం పదమూడున్నర కాబట్టి వాలు కూడా అంతే. వాటర్ ట్యాంకు నీడ ఒక పలక మూల మీద పడితే ఆ వరస మొత్తం తగ్గుతుంది. ఎర్తింగు మూడు విడివిడి గుంతలు: డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి. కనెక్టర్లు సరైన క్రింపింగు పనిముట్టుతో బిగించకుండా ప్లయరుతో నొక్కేస్తే అక్కడ వేడెక్కి కాలుతుంది. ఇన్‌స్టాలర్ పనిచేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి. ఇంకొకటి: వేసవిలో పలక 60, 65 డిగ్రీలకి కాగుతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం పన్నెండు నుంచి పద్నాలుగు శాతం పోతుంది. కప్పుకీ పలకకీ మధ్య గాలి ఆడే ఎడం వదలాలి.

అందరూ పెట్టుకున్నాక ఏమవుతుందో కూడా ఇప్పుడే ఆలోచించాలి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద పాతిక ఇళ్ళు మూడేసి కిలోవాట్లు పెట్టాయి. 75 కిలోవాట్లు. మధ్యాహ్నం అందరూ ఉద్యోగాలకి పోయి ఆ వీధిలో వాడకం 15 కిలోవాట్లే. 60 కిలోవాట్లు వెనక్కి పరుగెత్తుతాయి. లైను చివరింట్లో వోల్టేజి లేస్తుంది. 253 వోల్టులు దాటిందా, ఇన్వర్టరు సెట్టింగుని బట్టి ఆగిపోతుంది. సరిగ్గా ఎండ బాగా ఉన్నప్పుడే! ఇంటాయన ఇన్వర్టరు చెడిపోయిందని ఫోన్ చేస్తాడు. చెడిపోలేదు. దీనికి చేయాల్సింది: ఇళ్ళని మూడు ఫేజుల మీదా సమంగా పంచడం, సన్నటి తీగ మార్చడం, ట్రాన్స్‌ఫార్మర్‌కి వోల్టేజి సర్దే ట్యాప్ ఉంటే ఒక మెట్టు దించడం. ఇంజనీర్లు ఇక్కడున్నారు. దరఖాస్తులు ట్రాన్స్‌ఫార్మర్ వారీగా లెక్కబెట్టుకుంటే ముందే తెలిసిపోతుంది.

తిరుపతికి ఇంకో ప్రత్యేకత. యాత్రికులు తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి స్నానాలు చేస్తారు. ఊళ్ళో గదుల్లో గీజర్లన్నీ చీకట్లో, సోలార్ లేని గంటల్లో తిరుగుతాయి. 200 లీటర్లు 27 డిగ్రీల నుంచి 60కి కాచాలంటే గీజరుకి దాదాపు ఏడున్నర యూనిట్లు. గాలిలోని వేడిని లాగి నీళ్ళు కాచే హీట్ పంపు అయితే రెండున్నర. అదీ మధ్యాహ్నం పన్నెండింటికి కాచి, ఇన్సులేషన్ మంచిగా ఉన్న ట్యాంకులో దాచుకుంటే తెల్లవారికి కొద్ది డిగ్రీలే తగ్గుతాయి. బ్యాటరీ కంటే ఎంతో చవకైన నిలవ ఇది. మన కొండ మీదే 2002లో 106 అద్దాల డిష్‌లతో ఎండ నుంచి ఆవిరి పుట్టించి అన్నప్రసాదం వండే ఏర్పాటు పెట్టారు. ఈ ఊరికి ఇది కొత్త విద్య కాదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కూడా చల్లటి నీళ్ళు పగలే తయారుచేసి ట్యాంకుల్లో పెట్టుకోవచ్చు. 2023 కేంద్ర నిబంధనలు సోలార్ గంటల్లో కనీసం 20 శాతం తక్కువ ధర ఉండాలన్నాయి. ఆ తేడా బిల్లులో స్పష్టంగా కనపడితే ఎవరూ చెప్పక్కర్లేదు, మోటార్ల స్విచ్చులు వాటంతటవే మధ్యాహ్నానికి జరుగుతాయి.

చివరగా మీ చేతిలో ఉన్న పని. డిస్కం ప్రతి ఏటా వచ్చే ఏడాది ఖర్చు, ఆదాయాల నివేదికని విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తుంది. దాన్ని ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలని విద్యుత్ చట్టం 64వ సెక్షన్ చెప్తుంది. కేంద్రం ఇచ్చిన 2023 జూన్ మార్గదర్శకాలతో డిస్కం పదేళ్ళకి సరిపడే ప్రణాళిక కూడా ఏటా సరిచేసుకుంటూ వెయ్యాలి. ఆ కాగితాల్లో మూడు విషయాలు వెతకండి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా వేసిన డిమాండు ఎంత, దాన్ని దేనితో తీరుస్తారు? వ్యవసాయ ఫీడర్లలో ఎన్నిటికి సోలార్ కలిపారు, ఏ సబ్‌స్టేషన్లలో? మీటర్లు లేని మోటార్ల వాడకాన్ని ఏ లెక్కన వేశారు? ఇవి లేకపోతే అదే రాయండి. ఒక్క పేజీ చాలు. మీ సబ్‌స్టేషన్ పేరు, ఫీడరు పేరు, ఏ గంటకి వోల్టేజి ఎంత ఉందో ఒక వారం రాసుకున్న పట్టిక జత చెయ్యండి. పట్టిక ఉన్న అభ్యంతరానికి జవాబు చెప్పక తప్పదు. ఆ పట్టిక నమూనా తలుపు దగ్గర బల్ల మీద పెట్టించాం, వెళ్ళేటప్పుడు తీసుకోండి. ఇక ప్రశ్నలు అడగండి, ముందు వెనక వరసల్లో రైతులకి మైకు ఇవ్వండి.